గీత లేని నేల

1994 జూన్ మొదటి వారంలో నన్ను ఎముకల విభాగం నుంచి నరాల జబ్బుల విభాగానికి మార్చారు. వేలూరులోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా అప్పటికి నాది తొమ్మిదో ఏడు, హోదా రెండో గ్రేడు. రెండో గ్రేడు అంటే రోగిని సొంతంగా చూడవచ్చు, ఏ వ్యాయామం చేయించాలో నిర్ణయించవచ్చు. కానీ రోగిని ఇంటికి పంపేటప్పుడు ఇచ్చే సూచనల కాగితం మీద సీనియర్ థెరపిస్టు సంతకం పడాలి. ఉదయం రౌండ్లలో వరస కూడా హోదాను బట్టే ఉండేది. ముందు నరాల డాక్టరుగారు, ఆయన వెనక చిన్న డాక్టర్లు, ఆ వెనక వార్డు సిస్టరు, అందరికంటే చివర నేను. మంచం దగ్గర డాక్టరుగారు చెప్పేది నాకు సగమే వినబడేది. మిగతా సగం ఊహించుకుని రాసుకునేదాన్ని.

నాది చిత్తూరు. వేలూరు శివారు తొరపాడిలో అద్దెకుండేదాన్ని. తెలుగు మాట్లాడే రోగి ఎవరొచ్చినా వార్డులో నన్నే పిలిచేవారు. అలా నా చేతికి వచ్చినవాడే వేలూరు పక్క గుడియాత్తం ఊరి మునిరత్నం మేస్త్రీ.

అరవై రెండేళ్ళ మనిషి, ఇళ్ళు కట్టే మేస్త్రీ. స్వయంగా తాపీ పట్టడం ఎప్పుడో తగ్గించేశాడు. అయినా ఆయన చేపట్టిన ఇంటికి పునాది ముగ్గు పోయాలన్నా, గోడ నిలువు సరిచూడాలన్నా ఆయన రావలసిందే. ఇద్దరు కొడుకులూ ఆయన కిందే పని నేర్చుకున్నారు. భార్య రాజమ్మ. ఎన్నో తరాలుగా అక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, కోపం వస్తే రెండూ కలిపి.

ఆయనకు పార్కిన్సన్స్ జబ్బు వచ్చి నాలుగేళ్ళయింది. మెదడులో కదలికలను నడిపించే ఒక రసాయనం తగ్గిపోవడం వల్ల వచ్చే జబ్బు ఇది. చెయ్యి వణకడం అందరికీ కనిపిస్తుంది కాబట్టి జనం వణుకుడు జబ్బు అంటారు. మాకు వణుకుతో పెద్దగా పని లేదు. మా పని నడకతో. ఈ జబ్బులో అడుగు చిన్నదవుతుంది, నడుము ముందుకు వంగుతుంది. వెనక్కి తిరగబోయినప్పుడు, గుమ్మం దాటబోయినప్పుడు కాళ్ళు ఉన్నట్టుండి నేలకు అతుక్కుపోతాయి. పై ఒళ్ళు ముందుకు పోతుంది, కాళ్ళు వెంట రావు. మనిషి పడతాడు. ఒకసారి పడ్డాక భయం పట్టుకుంటుంది. భయంతో అడుగు మరీ చిన్నదై మళ్ళీ పడతాడు. జబ్బుకు మాత్రలు ఉన్నాయి. భయానికి మాత్ర ఇచ్చే డాక్టరును నేను నా ఉద్యోగంలో చూడలేదు.

మేస్త్రీ ఆ ఏడాది రెండుసార్లు పడ్డాడు. రెండోసారి మణికట్టు విరిగింది. ఆ తర్వాత నాలుగు నెలలు వీధి గడప దాటలేదు. ఏ పని చేయడానికి భయమో చెప్పమని మేము రోగిని అడిగి రాసుకుంటాం. లేవడం, తిరగడం, స్నానం, మెట్లు, ఇలా ఒక్కొక్కటే. నేను నాలుగు ప్రశ్నలు అడిగేసరికి ఆయనకు విసుగొచ్చింది.

"మూడో మాడి సారవ మింద, ఒక్క బొంగు మింద నడిచినోణ్ణమ్మా నేను. ఇప్పుడు గడప చూస్తే గుండె జల్లుమంటాది. ఇంకేం రాస్తావు, రాసుకో," అన్నాడు. మాడి అంటే అంతస్తు, సారవ అంటే గోడ కట్టేటప్పుడు ఎక్కి నిలబడే పరంజా.

ఆయనకు కావలసింది ఒక్కటే. గుడియాత్తంలో లుంగీ మగ్గాలు నడిపే ఒకాయన కొత్త ఇల్లు కడుతున్నాడు. ఆవణి నెలలో, అంటే ఆగస్టు సెప్టెంబరుల మధ్య వచ్చే అరవ మాసంలో, ఆ ఇంటికి వాకిలి ఎత్తాలి. సింహద్వారం చట్రాన్ని మంచి ముహూర్తంలో నిలబెట్టడాన్ని వాకిలి ఎత్తడం అంటారు. పూజ అయ్యాక మేస్త్రీ తూకు గుండు, అంటే దారానికి కట్టిన ఇనుప గుండు, చట్రం పక్కన వదిలి నిలువు చూస్తాడు. సరిగ్గా ఉందని ఆయన నోటితో చెప్పాకే మిగతా పని. ఆ గుండు వదిలేది ఎప్పుడూ పెద్ద మేస్త్రీయే. కొడుకు వదిలిన రోజున పెద్దరికం కొడుక్కి పోయినట్టే.

"ముప్పై ఏండ్లుగా నా చెయ్యి పడకుండా నా పనిలో ఒక్క వాకిలి లేసింది లేదు. ఈ తూరి నేను పోలేదంటే ఇంక మంచానికేనమ్మా. అంతవరకు నన్ను నిలబెట్టు తల్లీ, సాలు," అన్నాడు.

చెయ్యి వణుకుతుంటే గుండు ఎలా పట్టుకుంటావని అడగబోయి ఆగాను. ఈ జబ్బులో వణుకు చెయ్యి ఊరికే ఉన్నప్పుడే ఎక్కువ. పని పట్టుకుంటే తగ్గుతుంది. ఆయన చేతి గురించి నాకు దిగులు లేదు, కాళ్ళ గురించే.

మాత్రల వేళలు సరిచేయడానికి ఆయన్ని మూడు వారాలు వార్డులో ఉంచారు. మొదటిరోజు నేను లాగుడు పరీక్ష చేశాను. రోగి వెనక నిలబడి, ముందే చెప్పి, రెండు భుజాలూ పట్టుకుని చటుక్కున వెనక్కి లాగుతాం. మామూలు మనిషి ఒకటి రెండు అడుగులు వెనక్కి వేసి నిలదొక్కుకుంటాడు. మేస్త్రీ ఒక్క అడుగూ వేయలేదు, నిలువునా నా మీదికి వచ్చేశాడు. నేను పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత రోజూ రెండు పూటలా వార్డు వరండాలో నడిపించాను. మాత్ర వేసుకున్నాక మందు పట్టే వేళ చూసి మొదలుపెట్టేవాళ్ళం. వెనక్కి తిరగాలంటే నిలబడిన చోటే గిరుక్కున తిరగకుండా, అర్ధచంద్రంలా వెడల్పుగా నడిచి తిరగమని నేర్పాను. మూడో వారానికల్లా ఆయన వరండా ఈ చివరి నుంచి ఆ చివరికి ఒక్కడే నడిచాడు. రౌండ్లలో డాక్టరుగారు వెనక్కి తిరిగి నన్ను వెతికి మరీ బాగుందన్నారు. ఆ ఒక్క మాటా నాకు పూర్తిగా వినబడింది. ఆ రోజంతా నేల మీద నడిచానో గాలిలో నడిచానో నాకే తెలియదు.

ఇంటికి పంపేటప్పుడు సూచనలు చక్కటి తెలుగులో, గుండ్రటి అక్షరాలతో రాసిచ్చాను. పెద్ద కొడుకు శేఖరు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మాకు తెలుగు మాట్లాడేదానికే వస్తాది మేడం, చదివేది అరవమే," అన్నాడు. ఇంత తెలుగు మాట్లాడే ఇంట్లో తెలుగు చదివేవాళ్ళు లేరని నాకు తట్టనేలేదు. సిస్టరు నవ్వుకుంటూ దాన్ని అరవంలో రాసిపెట్టింది. నిజానికి అందులో ముఖ్యమైన సూచనలు ఆయన్ని వార్డులో చేర్చుకున్న రోజే కొడుకులకు నోటితో చెప్పాను. ఇంట్లో కాలికి తట్టుకునేవి ఏమీ ఉండకూడదు, గడపలు తీసేయగలిగితే తీసేయండి, నేల ఎత్తుపల్లాలు లేకుండా చూసుకోండి అని. శ్రద్ధగా విని, ఒకరి మొహం ఒకరు చూసుకుని తలూపారు. నేను సంతోషించాను. చెప్పింది ఎవరితోనో మాత్రం ఆలోచించలేదు.

రెండు వారాల తర్వాత చూపించుకోవడానికి రమ్మన్న రోజున మేస్త్రీ రాలేదు. మర్నాడు శేఖరు ఎస్‌టీడీ బూత్ నుంచి ఫోను చేశాడు. నాయన మంచం దిగడం లేదని, ఇంటికి వచ్చిన రెండో రోజే పడ్డాడని, దెబ్బ తగల్లేదు గానీ అప్పటి నుంచీ లేవమంటే ఏడుస్తున్నాడని చెప్పాడు. ఇళ్ళకు వెళ్ళి చూడటం అప్పట్లో మా పనిలో భాగం కాదు. సీనియర్ థెరపిస్టు దగ్గర అనుమతి రాయించుకుని శనివారం గుడియాత్తం బస్సెక్కాను. దారిలోని పళ్ళికొండ దాటేవరకూ నా మనసు ఒకటే అనుకుంది, ఇంట్లోవాళ్ళు నేను చెప్పినట్టు చేసి ఉండరని. ఇల్లు చేరేటప్పటికి కోప్పడడానికి సిద్ధంగా ఉన్నాను.

లోపల అడుగుపెట్టి చూశాను. చెప్పినదంతా చేశారు. చెప్పినదానికి పదింతలు చేశారు. నాయన ఆసుపత్రిలో ఉన్న మూడు వారాల్లో అన్నదమ్ములిద్దరూ కూలిపనులు ఆపుకుని, పాత కడప బండలన్నీ పెరికేసి, గడపలు తీసేసి, వీధి గది నుంచి వంటింటి దాకా ఒకే ఎర్ర గచ్చు పోశారు. తాపీతో నున్నగా రుద్ది, రోజుల తరబడి నీళ్ళు కట్టి తడిపి, ఆపైన కొబ్బరినూనె పట్టించి మెరుగుపెట్టారు. అంతమేర నేల మీద ఒక్క అతుకు, ఒక్క గీత లేదు. పైకప్పు దూలాలు అందులో తలకిందులుగా కనిపిస్తున్నాయి. ఊరంతా కొత్త రకం మెరిసే నేలల మోజులో ఉన్న రోజులవి. కానీ కొన్న రాయి ఏదీ ఆ నేలకు సాటి రాదు.

"చూడండి మేడం, మీరు చెప్పినట్టే. యాడా మిట్టపల్లం లేదు. గోలీ పెడితే దొర్లదు," అన్నాడు శేఖరు. మెచ్చుకుంటానని ఎదురుచూస్తున్నాడు.

"గుడి మాదిరి ఉండాది ఇల్లు. నడిచే మనిషే లేడు," అంది రాజమ్మ.

మేస్త్రీని మంచం మీద కూర్చోబెట్టి, నాడి చూసి, మాత్రల వేళలు అడిగాను. అన్నీ సక్రమంగానే ఉన్నాయి. నిలబెట్టాను. నిలబడ్డాడు. నడవమంటే మడమలు పైకి లేచి అక్కడికక్కడే కొట్టుకున్నాయి, ఒక్క అడుగు ముందుకు పడలేదు. నా చెయ్యి నలిగిపోయేటట్టు పట్టుకున్నాడు. వార్డులో అంత చక్కగా నడిచిన మనిషి ఇతనేనా అనిపించింది. తప్పు ఎక్కడుందో నాకు అంతుపట్టలేదు. అబద్ధమెందుకు, మొదట మేస్త్రీ మీదే అనుమానం వచ్చింది, మొండికేస్తున్నాడేమోనని.

ఇంతలో ఆయనకు పెరట్లోకి వెళ్ళవలసిన అవసరం పడింది. కొడుకులిద్దరూ చెరొక రెక్క పట్టుకుని దాదాపు మోసుకుంటూ వెనక గుమ్మం దాటించారు. పెరికిన కడప బండలను పారేయడం ఇష్టంలేక పెరట్లో స్నానాలగది వరకూ వరసగా పరిచారు. మొదటి బండ మీద కాళ్ళు ఆనగానే మేస్త్రీ, "ఇంక వదలండప్పా," అన్నాడు. వదిలారు. ఆయన బండ తర్వాత బండ దాటుకుంటూ, ఒక్కో అతుకు మీదుగా కాలెత్తి వేస్తూ, స్నానాలగది దాకా ఒంటరిగా నడిచి వెళ్ళాడు. అదే వరసన తిరిగి వచ్చాడు. రోజూ ఇంతేనని, బయట పరవాలేదని, లోపలే ఇట్లా అయితాడని రాజమ్మ మామూలుగా చెప్పింది.

నేను గుమ్మంలో నిలబడి ఆ బండల మధ్య అతుకులు చూశాను. మా వార్డు వరండాలో నేల మొజాయిక్ పలకలది. పలకకూ పలకకూ మధ్య నల్లటి గీత. మూడు వారాలు ఆయన నడిచింది ఆ గీతలు చూసుకుని, నా వ్యాయామాల వల్ల అని మురిసిపోయింది నేను. ఈ జబ్బులో అడుగు దానంతటది పడే అలవాటు దెబ్బతింటుంది. కంటి ముందు అడ్డంగా ఒక గీత ఉంటే, దాన్ని దాటాలని మనసు ప్రత్యేకంగా పూనుకుంటుంది, కాలు లేస్తుంది. ఇది కొత్త సంగతేమీ కాదు. మా పాఠ్యపుస్తకంలోనే ఉంది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. ఇంట్లో అన్నీ తీసేయమని నేను చెప్పినప్పుడు ఆ పేజీ నాకు గుర్తుకు రాలేదు. ఇంకెవరైనా అయితే ఒక చాప తీసేసి, ఒక గడప చెక్కేసి ఊరుకునేవారు. నేను చెప్పింది తాపీ పనివాళ్ళతో. అతుకు కనబడని నేల పోయడమే వాళ్ళ పనితనానికి గొప్ప.

లోపలికి వచ్చాక మేస్త్రీని అడిగాను, ఇంత తెలిసి కొడుకులకు ఎందుకు చెప్పలేదని. ఆయన గొంతు తగ్గించాడు. ఈ జబ్బులో గొంతు మామూలుగానే తగ్గుతుంది, అయినా అది వేరే తగ్గింపు.

"ఇది నేల కాదమ్మా, నిండిన చెరువు మాదిరి ఉండాది. యాడ మొదులో యాడ కొసో కంటికి ఆనదు. కానీ పనిలో తప్పు లేదే. నేను నేర్పించిన పనే, నాకంటే బాగా చేసినారు. ఏమని చెప్పేది?"

శేఖరు ఆ మాట విన్నాడు. వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. నాకు చాలా సిగ్గనిపించింది. వెనకే వెళ్ళి, తప్పు నీది కాదు నాయనా, సగం చదువు చదివి చెప్పిన నాది అన్నాను. అతను నా మొహం చూడలేదు. "పదైదు దినాలు తడిపినామమ్మా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం మేస్త్రీ పాదాలు తడిపి పెరటి బండల మీద నడిపించి, అడుగుకూ అడుగుకూ మధ్య దూరం కొలిచాను. శేఖరు తమ్ముడు ఆ పొడుగుకు ఒక కర్ర కోశాడు. ఇంట్లో ఆ కర్ర దూరానికి ఒకటి చొప్పున అడ్డగీతలు వేయాలి. మేస్త్రీలు నేల మీద తిన్నగా గీత కావాలంటే నూలు కొడతారు. దారాన్ని పొడిలో ముంచి, రెండు కొసలూ బిగించి పట్టి, మధ్యలో లాగి వదిలితే గీత పడుతుంది. ఒక కొస నేను పట్టుకుంటానంటే మేస్త్రీ ఒప్పుకోలేదు. మోకాళ్ళ ఎత్తు స్టూలు మీద కూర్చుని తనే పట్టుకున్నాడు. దారం బిగియగానే ఆయన చెయ్యి కుదురుకుంది. ఎర్ర గచ్చు మీద తెల్ల సున్నపు గీతలు, తలుపుల దగ్గర ఇంకొంచెం దగ్గరగా, మలుపు దగ్గర విసనకర్ర మడతల్లా. లేచి, మొదటి గీత చూసుకుని, కాలెత్తాడు. వంటింటి దాకా వెళ్ళాడు. రాజమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఇంటివాళ్ళకు మూడు నియమాలు చెప్పాను. నడిచేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగకూడదు. పక్కన కొంచెం వెనగ్గా నిలబడాలి, చెయ్యి దగ్గరగా ఉండాలి గానీ తగలకూడదు. నడుస్తున్న మనిషిని పలకరించకూడదు. మూడోది రాజమ్మకు చాలా కష్టమైంది. ఇక గీతల సంగతి. మూడో రోజు ఆవిడ అలవాటుకొద్దీ తడిగుడ్డతో తుడిచేసింది. తుడిచాక నాలుక కరుచుకుని బియ్యప్పిండితో మళ్ళీ వేసింది. పిండికి చీమలు పట్టాయి. చీమలను తప్పించుకోబోయి మేస్త్రీ తూలాడు గానీ పడలేదు. ఇదంతా మరుసటి శనివారం నేను వెళ్ళినప్పుడు ఒకరి మీద ఒకరు చెప్పుకుంటూ నవ్వారు. ఆ ఇంట్లో నవ్వు వినడం అదే మొదలు.

ఆ తర్వాతి శనివారం వెళ్ళేసరికి గీతలు శాశ్వతమయ్యాయి. శేఖరు ఉలితో గచ్చును గీత గీతకూ సన్నగా కోసి, తెల్ల సిమెంటు నింపాడు. ఎవరూ అడగలేదట, ఒకరోజు పొద్దున్నే ఉలి పట్టుకుని కూర్చున్నాడట. అంత మురిపెంగా పోసిన నేలను తన చేత్తోనే కోసుకున్నాడు. ఆ గీతలు కూడా నూలు పట్టినంత తిన్నగా ఉన్నాయి, పనితనం ఎక్కడికీ పోలేదు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగాను.

ఆవణి నెల చివర్లో వాకిలి ఎత్తారు. నేను సెలవు పెట్టి వెళ్ళాను. ముహూర్తం ఉదయం. మందు బాగా పట్టి ఉండేలా మాత్ర వేళ లెక్క చూసి చెప్పాను. కట్టే చోట ఇసుకా మట్టీ తప్ప గచ్చెక్కడిది? కొడుకులు ముందురోజే దారి దిమ్మిస కొట్టి గట్టిచేసి, పునాదికి పోసినట్టే ముగ్గు పోశారు. వీధి నుంచి చట్రం వరకూ అడ్డంగా తెల్లటి గీతలు. మేస్త్రీ భుజాన తువ్వాలు, చేతిలో తూకు గుండు. నేను ఆయన వెనక, చెయ్యి నడుముకు బెత్తెడు దూరంలో.

బాగానే నడిచాడు. చట్రానికి నాలుగడుగుల దూరంలో ఆగిపోయాడు. పూజకు వచ్చిన జనం తొక్కి అక్కడ ముగ్గంతా చెరిపేశారు. కాళ్ళు అతుక్కుపోయాయి, మోకాళ్ళు వణకడం మొదలైంది, నడుము ముందుకు పోతోంది. మగ్గాలాయన, బంధువులు అందరూ చేతులు చాస్తూ ఒక్కసారిగా కదిలారు. నేనూ చెయ్యి ముందుకు పెట్టాను.

"ఎవురూ పట్టుకోవద్దండప్పా. ఉండండి," అన్నాడు మేస్త్రీ.

శేఖరు అందరినీ చేతులడ్డం పెట్టి ఆపాడు. మేస్త్రీ ఊపిరి పీల్చుకుని, చెయ్యి చాచి గుండు దారం జారవిడిచాడు. గుండు నెమ్మదిగా దిగి ఆయన పాదాల ముందు, కర్ర కొలతంత దూరంలో మట్టి మీద ఆనింది. ఒక్క క్షణం దాన్ని చూశాడు. కాలెత్తి దాన్ని దాటాడు. గుండు లాగి మళ్ళీ ముందు వదిలాడు, మళ్ళీ దాటాడు. ఇది నేను నేర్పింది కాదు. ఏ పుస్తకంలోనూ నేను చదివింది కాదు. నాలుగోసారి గుండు నేల మీద వదలవలసిన పని లేకపోయింది. చట్రానికి ఒక చెయ్యి ఆనించి నిలదొక్కుకుని, గుండును చట్రం పక్కన వదిలాడు. దారం ఊగి, తగ్గి, నిలిచింది. ఆయన చెయ్యి కూడా నిలిచింది.

"సరిగ్గా ఉండాది," అన్నాడు.

మేస్త్రీ ఆ తర్వాత ఇంకా కొన్ని వాకిళ్ళు ఎత్తాడు. పడటం పూర్తిగా ఆగలేదు. జబ్బు దాని దారిన అది పెరిగింది. చివరికి ఆ పెద్దరికం శేఖరుకే వెళ్ళింది, కానీ మేస్త్రీ పిలిచి తన చేత్తో గుండు ఇచ్చిన రోజున.

ఆ మొదటి వాకిలి ఎత్తాక వచ్చిన సోమవారం డ్యూటీలో చేరగానే, రోగులందరికీ వాడే సూచనల నమూనా కాగితం తీసి, నేల గురించిన వాక్యం కొట్టేశాను. దాని స్థానంలో, రోగి ఇప్పుడు ఏ చోట బాగా నడుస్తున్నాడో ఇంటివారు ముందు చూడాలని, అది చూడకుండా ఇంట్లో ఏదీ తీయకూడదని, మార్చకూడదని రాశాను. కింద, మేము అడిగి తీరవలసిన ప్రశ్నల్లో, రోగి వృత్తి, ఇంటివాళ్ళ వృత్తి ఏమిటి అనే దాన్ని చివరి నుంచి మొదటికి జరిపాను. సీనియర్ థెరపిస్టు చదివి, కారణం అడిగి, సంతకం చేసింది. నేను పదవీ విరమణ చేసేవరకూ ఆ కాగితమే వాడాను.